మైకు బెల్లు కొట్టిన పెద్దసారు

మా పెద్దసారు పోయారన్న కబురు నాకు మైకులో తెలిసింది. పదో తరగతికి లెక్కలు చెబుతుంటే బడి ముందు ఆటో ఆపి, "విద్యార్థుల ప్రియతమ ప్రధానోపాధ్యాయులు ఇక లేరు" అని చదివారు. మళ్లీ మొదటినుంచి చదివారు. ఏడుపు రావాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. రిటైరయ్యేదాకా ఆ మనిషి కొట్లాడింది ఈ మైకుతోనే.

మా హైస్కూలు భద్రాచలం పోయే రోడ్డు పక్కన, మండలాఫీసుకు ఎదురుగా ఉంటుంది. ధర్నా ఆఫీసు మీద, కానుగ చెట్ల నీడ మాత్రం మా గోడ వైపు. కాబట్టి ఏ పార్టీ టెంటయినా మా గేటు పక్కనే. కొత్తగా చేరిన రోజుల్లో నేను ఆ మైకు మీదికి గొంతు పెంచి పాఠం చెప్పి, వారానికల్లా గొంతు పోగొట్టుకున్నాను. పెద్దసారు కరక్కాయ ముక్క చేతిలో పెట్టారు.

"దానితోని పోటీ పెట్టుకోకమ్మా, గెలవం. జరుగుదాం."

జరగడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. మైకు మొదలవగానే బెల్లు మూడు దెబ్బలు, కాస్త ఆగి ఇంకో మూడు. పదో తరగతి పిల్లలు సంచులు తీసుకుని వంటషెడ్డు వెనక్కి పోవాలి. అందరికన్నా ముందు ఆయన కుర్చీ పోవాలి. "కూసోటానికి కాదు, బోర్డు ఆనిచ్చేటందుకు" అనేవారు. ఆయన దాంట్లో కూర్చోగా నేను చూసింది తక్కువ.

అర్జీలు మాత్రం వదల్లేదు. బడికి వంద మీటర్ల లోపల మైకు పెట్టకూడదని చట్టంలోనే ఉందని చూపిస్తే, నిరసన వాళ్ల హక్కు సార్ అనేవారు ఆఫీసులో.

"హక్కు గాదన్నదెవరు? మా పిల్లలకు గూడ ఒకటుంది. దానికి మైకు లేదు, గంతే."

తిరిగి తిరిగి చివరికి ఉత్తర్వు తెచ్చారు. బడి వేళల్లో గేటు దగ్గర ఐదుగురు గుమిగూడకూడదు, మైకు పెట్టకూడదు. అదీ రెండు నెలల వరకే. లామినేషన్ చేయించి గేటుకు కట్టారు. వారం తిరక్కుండానే ఒక నాయకుడి పుట్టినరోజు డీజే ఆ గేటు ముందే ఆగింది. అడిగితే ఎస్సై, "అది నిరసన గాదు సార్, ఊరేగింపు" అన్నాడు.

ఇంతకీ ఆ కాగితం పనిచేసింది ఒక్కసారే. అడవి గూడెం నుంచి తల్లిదండ్రులు పాతికమంది నడిచి వచ్చి, సైన్సు టీచరు కావాలని గేటు పక్కన నోరు మెదపకుండా కూర్చున్నారు. మైకు లేదు, జెండా లేదు. పోలీసులు జల్దీ జల్దీ వచ్చి లాఠీలతో లేపుతుంటే, పెద్దసారు సుద్ద అంటిన చేతులతోనే పరుగెత్తారు.

"ఎవరిని లేపుతున్నవ్? వీళ్ల పిల్లల కోసం తెస్తే వీళ్ల మీదనేనా?"

"ఆర్డర్ మీరే తెచ్చిండ్రు గద సార్" అన్నాడు కానిస్టేబులు.

పెద్దసారు గేటు తీసి అందరినీ లోపలికి పిలిచి, పదో తరగతి బెంచీల మీద కూర్చోబెట్టి, రిజిస్టర్లో 'తల్లిదండ్రుల సమావేశం' అని రాసి వేలిముద్రలు తీసుకున్నారు. మళ్లీ పెట్టిన అర్జీలో, మైకు లేకుండా కూర్చున్నవాళ్లను లేపకూడదని ఒక వాక్యం కలిపారు. దానికి జవాబే రాలేదు. "చట్టం గూడ బెల్లు అసుంటిదేనమ్మా. కొట్టేటోన్ని బట్టి ఉంటది" అన్నారు ఆ రోజు. అంత నీరసంగా ఆయన మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

ఆయన పోయిన మూడోనాడు పార్టీలవాళ్లు సంతాప సభ పెట్టారు. ఎక్కడంటారా, మా గేటు ముందే, పొద్దున పదిన్నరకు, రెండు పెద్ద బాక్సులతో. పబ్లిక్ పరీక్షలు నెలలో ఉన్నాయి, సాయంత్రం పెట్టుకోండని వెళ్లి బతిమాలాను.

"సార్ కోసమే గద మేడం. ఇయ్యాల్లన్న అడ్డం చెప్పకండ్రి."

బడి వైపు తిరిగాను. అప్పుడే బెల్లు మోగింది. మూడు, ఆగి మూడు. కొట్టమని నేను చెప్పలేదు. పదో తరగతి ఆడపిల్ల ఒకతె బెల్లు తాడు వదిలేసి, సంచి భుజానికి తగిలించుకుని లైన్లో కలిసింది. బయట మైకు, ఆయనకు పిల్లలంటే ప్రాణమని చెబుతోంది. పిల్లలు ఒక్కరూ అటు చూడలేదు. అందరికన్నా ముందు ఇద్దరు ఆయన కుర్చీని చెరోవైపు పట్టుకుని వంటషెడ్డు వెనక్కి తీసుకుపోయారు. నేను వెళ్లేసరికి దానికి బోర్డు ఆనించి, సుద్దముక్క కుర్చీ చేతి మీద పెట్టి ఉంచారు.