ఎల్విన్ గారి కడుపుమంట

మా ఎల్విన్ ప్రిచర్డ్ గారికి ఉన్న జబ్బు ఒక్కటే, అసూయ. ఈ మంచుదేశంలో మూస్‌జా అనే ఊళ్లో పాదాల వైద్యుడు ఆయన. చివరికి పేషంట్ల పాదాలను చూసి కూడా కుళ్లుకునేవాడు. "ఈ వయసులో ఈ మడమలేంటండీ, వెన్నముద్దల్లా. నావి చూడండి, ఎండిన చెరువు" అని వాళ్ల ముందే మేజోళ్లు విప్పేవాడు.

పక్కగదిలో ప్రకృతి వైద్యం చేసే నాకు ఇదంతా గోడలోంచి వినబడేది. నేను ట్రినిడాడ్ నుంచి, ఆయన వేల్స్ నుంచి వచ్చి ఈ మంచులో పడ్డాం. ఎవరికి ఇక్కడ శాశ్వత నివాసం అనుమతి వచ్చినా క్లినిక్‌లో కేకు కోసేవాళ్లం. ఆయన మాత్రం మూల నిలబడి, "పళ్ల డాక్టరుకు అంత తొందరగానా? నన్నెన్ని చలికాలాలు ఏడిపించారు" అంటూ ముక్క మీద ముక్క లాగించేవాడు.

ఇలా ఉండగా డర్బన్ నుంచి తాండెకా వచ్చింది. ఆమెదీ పాదాల వైద్యమే. ఇక్కడ వైద్యం చేయడానికి రాయాల్సిన పరీక్ష మొదటిసారే గట్టెక్కిందని తెలిసి ఎల్విన్ గారు ఆ పూట భోజనం మానేశాడు. ఆయన ఒకసారి తప్పాడు మరి.

క్లినిక్ యజమానురాలు ఓల్గా హ్నాత్యుక్ తాండెకాకు మొహమాటం లేకుండా చెప్పింది: "మంచు కరిగేలోగా నీ గది నిండాలమ్మాయ్. లేకపోతే ఇద్దరు పాదాల వైద్యుల్ని పోషించలేను."

తాండెకా వర్క్ పర్మిట్ ఈ ఉద్యోగానికే ముడిపడి ఉంది. ఇది పోతే శాశ్వత నివాసం మాట దేవుడెరుగు, ఈ దేశంలో ఉండటమే కష్టం. ఊళ్లోవాళ్లేమో కొత్త చేతికి కాలివ్వరు. పాపం ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని తుడిచిన పనిముట్లే తుడుస్తూ ఉండేది.

ఎల్విన్ గారు సంబరపడతాడనుకున్నాం. ఏడుపు ఇంకా పెరిగింది. చర్చిలోనో, మంచుగడ్డ మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆట ఆడేచోటో దొరికినవాడి చేయి పట్టుకుని ఒకటే గోల. "నిన్న ఒక రైతుకి కండలో దిగిన గోరు తీసిందండీ ఆ పిల్ల. వాడు హాయిగా నిద్రపోయాడు. అదే నేను తీస్తే కేకలు ఊరవతలికి వినబడతాయి. ఇదేం న్యాయం?"

"ఆయన నోరు మూయించండి, ఆ పిల్లను బతకనివ్వడు" అన్నాను ఓల్గాతో.

చలి తగ్గకముందే తాండెకా గది బయట కుర్చీలు చాలక జనం నిలబడ్డారు. ఒక ముసలావిడ చేతికర్ర ఊపుతూ వచ్చింది. "ఎల్విన్‌ను అంతలా ఏడిపిస్తున్నది నువ్వేనా? ఆ చేయి ఎలాంటిదో చూద్దామని వచ్చా" అంటూ బూటు విప్పేసింది.

ఓల్గా ఇద్దర్నీ ఉంచుకుంది. ఉద్యోగం స్థిరపడ్డాక తాండెకాకు ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం సిఫారసూ, ఆ వెనకే శాశ్వత నివాసమూ వచ్చాయి. కేకు కోసిన రోజు ఎల్విన్ గారిని మూలలో పట్టుకున్నాను.

"కావాలనే చేశారు కదండీ?"

"ఏం చేశాను? కడుపు మండింది, చెప్పుకున్నాను."

"మీ పేషంట్లు సగం మంది అటే పోయారు."

"పోరా మరి? నా గోరు నొప్పెట్టినా నేనూ అక్కడికే పోతాను." గొంతు తగ్గించాడు. "నేనొచ్చిన కొత్తలో నా గడపా ఎవరూ తొక్కలేదు కాలిస్టా. పెట్టె కూడా సర్దుకున్నాను. ఈ ఊళ్లో పొగిడితే ఎవరూ నమ్మరు. ఏడిస్తే నమ్ముతారు."

నాకు ఎక్కడో చురుక్కుమంది. "మరి నన్ను చూసి ఎప్పుడూ ఏడవలేదేం?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నీ చేదు కషాయాలు తాగి, పైగా నీకే దండం పెట్టి పోతారు జనం. ఊరంతా తిరిగి అది చెప్పుకుని ఎంత ఏడ్చాననుకున్నావ్? నీ గది దానంతటదే నిండిందా?"

నన్ను చూసీ ఏడ్చాడని నాకు ఒక్కసారిగా ఎంత గర్వం వచ్చిందో చెప్పలేను. అది నా మొహంలో కనబడినట్టుంది, ఆయన మొహం మాడిపోయింది.