సిందూరం కింది కిరీటం

మొన్న తలుపులకు పూద్దామని అవిసె నూనె కొనబోతే, దుకాణదారు డబ్బా మూత తీసి చూపించాడు. నేను అప్పటికే మొహం చిట్లించి, "పక్క దుకాణంలో ఇంతకన్నా చిక్కగా ఉంది" అనే నా పాత అబద్ధాన్ని నోటిదాకా తెచ్చుకున్నాను. అంతలో ఆ వాసన తగిలింది. పచ్చి గింజలూ మాగిన కట్టె కలిసినట్టుండే వాసన. బేరం మరిచి, అడిగినంతా ఇచ్చేసి వచ్చాను. మా తాత ఉంటే ఆ డబ్బాతో నన్ను ఇంటి గడప దాటనిచ్చేవాడు కాదు.

జహీరాబాద్ బజారులో మా తాతది గిన్నెల దుకాణం. డెబ్బైల చివర స్టీలు మోజు ఊళ్ళను ఊపేస్తున్న రోజులవి. న్యాల్‌కల్ నుంచి, కోహీర్ నుంచి ముత్తాతలనాటి ఇత్తడి బిందెలూ గంగాళాలూ బండ్ల మీద వచ్చి దిగేవి, తళతళలాడే స్టీలు పళ్ళేలు ఎక్కి వెళ్ళేవి. వానలు వెనకబట్టి, చిరాగ్‌పల్లి దారిన చెరకు నిలువెత్తయి, జామపండ్ల గంపల వాసన, తంగేడు పూల పచ్చదనం, ఇంట్లో బక్షాల పూర్ణానికి ఉడికే శనగపప్పు ఆవిరి అన్నీ ఒకదాని మీదొకటి కమ్ముకునే దసరా ముందు రోజుల్లో మా దుకాణంలో కాలు పెట్టే చోటుండేది కాదు. కొన్న గిన్నెల మీద పేర్లు కొట్టే పని నాది. చిన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని చుక్క పక్కన చుక్క కొట్టేదాన్ని. ఆ చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళ పేర్లన్నీ నా వంకరలతోనే అత్తగారిండ్లకు వెళ్ళాయి.

మా ఎదురుగా మాణిక్కప్ప ఇనుప సామాన్ల దుకాణం. తాతకూ ఆయనకూ ఏళ్ళ తరబడి ఒకటే తగాదా: ఎవరు పెద్ద? దసరా సాయంత్రం చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో జమ్మి ఆకు పెట్టి, బంగారమని చెప్పి మొక్కాలి. వీళ్ళిద్దరూ ఒకే ఈడువాళ్ళు, పుట్టిన తేదీ ఇద్దరికీ తెలియదు. అందుకని ప్రతి దసరాకూ ఎవరి గద్దె మీద వాళ్ళు బిగుసుకుని కూర్చుని, అవతలివాడు జమ్మి తెస్తాడేమోనని ఓరకంట చూసి, చీకటి పడగానే తలుపులు వేసుకునేవాళ్ళు.

ఆ యేడు కోహీర్ పటేలు ఇంటి నుంచి వచ్చిన ఇత్తడి కింద, గోనెపట్టాలో చుట్టిన తుపాకి ఒకటి బయటపడింది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పేల్చిన వాళ్ళు కాదు. ప్రతి ఆయుధపూజకూ నూనె రాసి సిందూరం పూసి మొక్కేవారట, అంతే. తరాల సిందూరం పేరుకుని చెట్టు బెరడులా గట్టిపడింది. తాత కొత్త రాగి కాగు ఇచ్చి దాన్ని పుచ్చుకున్నాడు.

మాణిక్కప్ప రోడ్డు దాటి వచ్చి వేలితో కొట్టి చూశాడు.

"నాటకపోళ్ళ తుపాకి సేటూ! బంగారమసొంటి కాగు వోయింది, పొయ్యిల కట్టె వచ్చింది."

"ఇంగ్లీషోళ్ళ ఫౌజు తుపాకి ఇది. పందెమా?"

"పందెం! ఓడినోడు గెల్సినోని గద్దె కాడికొచ్చి జమ్మి వెట్టాలె."

తీర్పరి ఖాజా చాచా. ఒకప్పుడు పోలీసుల తుపాకులు బాగుచేసిన మనిషి, అప్పటికి స్టవ్వులూ తాళాలూ బాగుచేసుకుంటున్నాడు. ముందు గొట్టంలోకి పొడుగాటి పుల్ల దించి, అదే పుల్లను బయట ఆనించి కొలిచి, లోపల మందు లేదని, ఉన్నదల్లా కందిరీగల గూడేనని తేల్చాడు. తాతతో కలిసి ఠాణాలో చూపించి, గోడకు పెట్టుకోవచ్చని రాయించుకొచ్చాడు. ఆ తర్వాత మాకు చెప్పాడు: "నాటుదైతే లోపల నీళ్ళ పైపులెక్క నున్నగుంటది. ఫౌజుదైతే నాగటి చాళ్ళలెక్క గాళ్ళుంటయి. పక్క రేకు మీద రాణి కిరీటం గూడ ఉండాలె."

ఆ సిందూరం తీసి తోమే పనికి నేను బేరం పెట్టాను.

"ఏమిస్తవ్ తాతా?"

"ఏం గావాల్నో నువ్వే చెప్పు."

"దసరనాడు నీ గద్దె మీద నేను కూసుంట."

తాత వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. దసరా పూట ఏ పిచ్చివాడు గిన్నెలు కొంటాడు?

మరిగే నీళ్ళు పోసి గొట్టం కడిగాం. స్టవ్వుల్లో పోసే గ్యాసునూనెలో తడిపిన గుడ్డ కప్పి, మెత్తబడిన సిందూరాన్ని వెదురు పుల్లతో పొర పొరగా లేపాను. కట్టెకు అవిసె నూనె పోసి అరచెయ్యి వేడెక్కేదాకా రుద్దాను. అంతా సవ్యంగా సాగుతుండగా, గిన్నెల ఇంటి కోడలు మా నాయనమ్మ, మీట కింది ఇత్తడి నల్లగా ఉండటం చూడలేక, చింతపండూ బూడిదా వేసి అద్దంలా తోమిపెట్టింది. చాచా నెత్తి కొట్టుకున్నాడు: "నూరేండ్ల రంగు కడిగేస్తివి గదమ్మా! ఇది తుపాకి, తాంబూలం పళ్ళెం గాదు."

మాణిక్కప్పకు పండగ ముందే వచ్చింది. "సూసిన్రా? నిన్న వోసిన ఇత్తడి!" అని బజారంతా చెప్పుకున్నాడు. ఆ పూట తాత బక్షం మీద నెయ్యి కూడా వేయించుకోలేదు.

మర్నాడు చాచా అద్దంతో ఎండను గొట్టంలోకి మళ్ళించాడు. లోపల మూడు గాళ్ళు, మెలి తిరుగుతూ లోతుకు దిగుతున్నాయి. "గాళ్ళు సరే, కిరీటమేది?" అన్నాడు మాణిక్కప్ప. సద్దుల బతుకమ్మ నాటి పొద్దున చివరి పొర లేచి వచ్చింది. దాని కింద కిరీటం, కిరీటం కింద విక్టోరియా రాణి గుర్తుగా కొట్టే రెండు ఇంగ్లీషు అక్షరాలు. నేను వేసిన కేకకు వీధి కదిలి వచ్చింది.

మాణిక్కప్ప మాత్రం కదలలేదు. "పేర్లు కొట్టే పిల్ల ఇంట్లనే ఉండె! కిరీటం కొట్టనీకి ఎంతసేపు?"

ఖాజా చాచా నేను పేరు కొట్టిన చెంబు తెప్పించి తుపాకి పక్కన పెట్టాడు. నా అక్షరాలు ఎగుడుదిగుడు చుక్కలు, బాటన పోయే చీమల బారు. కిరీటం అంచు అంచునా ఒకే లోతు, ఒకే దెబ్బకు దిగిన ముద్ర. "ఈ పిల్ల గిన కిరీటం కొడితే గుమ్మడికాయలెక్కుంటది!" అన్నాడు చాచా. బజారు విరగబడి నవ్వింది. అంత తియ్యటి అవమానం నాకు మళ్ళీ ఎవరూ చేయలేదు. మాణిక్కప్ప బొటనవేలితో ముద్రను తడిమాడు. ఇనుము అమ్ముకు బతికే మనిషి ఇనుము దగ్గర అబద్ధమాడలేకపోయాడు. "కార్ఖాన దెబ్బనే," అని ఒప్పుకున్నాడు.

దసరా సాయంత్రం తాత తెల్ల ధోవతి కట్టి దుకాణం మెట్టు మీద నిలబడ్డాడు. గద్దె మీద పట్టు లంగా పరుచుకుని నేను. మాణిక్కప్ప జమ్మి పట్టుకుని రోడ్డు దాటి, తాతను దాటి, నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"గద్దె కాడ వెడతనన్న, వెడుతున్న. ఇగో బిడ్డా, బంగారం!" అని ఆకు నా చేతిలో పెట్టి, తాత వైపు కన్నుగీటాడు.

జమ్మి కోసం చాచిన చేతిని తాత అలాగే పైకి తిప్పి మీసం దువ్వాడు. "నా మనుమరాలే నీకు పెద్దదైతే, నేనెంత పెద్దోన్నో లెక్కేస్కో మాణిక్కప్పా!"

అందరికన్నా గట్టిగా నవ్వింది మాణిక్కప్పే. ఇద్దరూ అలయ్ బలయ్ తీసుకున్నారు.

ఇప్పుడు ఆ రెండు దుకాణాల చోట ఒకే ఫోన్ల షోరూం ఉంది. గిన్నె మీద పేరు అడిగితే యంత్రం గీసి ఇస్తుంది, వంకరలుండవు. జమ్మి ఫోనులో బొమ్మగా వస్తుంది, దాని కోసం ఎవరూ రోడ్డు దాటనక్కరలేదు. తుపాకి మా హాలు గోడకుంది. నాయనమ్మ తోమిన ఇత్తడి మళ్ళీ మెల్లగా నల్లబడుతోంది. నిన్న దాన్ని దించి కట్టెకు కొత్త నూనె పట్టించాను, అరచెయ్యి వేడెక్కేదాకా. తలుపులకు నూనె మిగల్లేదు. ఫరవాలేదు, బేరం గిట్టుబాటే.