కాగితం చేతికి రాని మావయ్య

అమ్మడి మావయ్యకు నోటిమాట మీద నమ్మకం లేదు. ఏ సంగతైనా కాగితం మీదికెక్కి, ఆ కాగితం తన చేతికి వచ్చేదాకా అది జరగనట్టే లెక్క. అలాగని చేతులు ముడుచుకు కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. ఈలోగా అదే పని మీద ఇంకో నాలుగు తలుపులు తట్టి వస్తాడు.

ఇస్త్రీ దుకాణంవాడు “సాయంత్రానికి ఇచ్చేస్తానండీ” అంటే “అలాగే నాయనా” అని, రెండో చొక్కా పక్కవీధి దుకాణంలో పడేసి వస్తాడు. అత్తయ్య “టీ తెస్తున్నా” అని వంటింట్లోంచి కేకేస్తే, అది వచ్చేలోగా పక్కింటివాళ్ల గుమ్మంలో ఓ కప్పు తాగేస్తాడు.

“ఇదేం చూశావు! మా నాన్న పిల్లనిస్తామని మాటిచ్చిన మర్నాడే ఇంకో సంబంధం చూసొచ్చారు ఈ మహానుభావుడు” అనేది అత్తయ్య.

“మీ నాన్న రాసివ్వలేదుగా” అనేవాడు మావయ్య, పేపర్లోంచి తలెత్తకుండా.

“ఆ పిల్ల బతికిపోయింది.”

తూకం యంత్రాల కంపెనీలో ఆయన మెకానిక్. మందుల కొట్లోని బుల్లి తక్కెడ నుంచి లారీలను తూచే కాటా దాకా ఏది తప్పు చూపినా ఆయనే వెళ్లాలి. పందొమ్మిదేళ్ల కిందట “సోమవారం వచ్చి చేరండి, ఆర్డరు పోస్టులో వస్తుంది” అన్నారట. సోమవారం చేరాడు. ఆర్డరు రాలేదట. అంచేత లెక్క ప్రకారం ఆయన ఇంకా ఉద్యోగం వెతుక్కుంటూనే ఉన్నాడు. సెలవు దొరికితే చాలు, చొక్కా టక్ చేసి, లావుపాటి నీలం ఫైలు చంకన పెట్టుకుని ఏదో ఒక ఇంటర్వ్యూకి బయల్దేరేవాడు. అత్తయ్య తిడుతూనే నలుగురు తినేంత టిఫిన్ డబ్బా సర్ది ఇచ్చేది. తోటి మెకానిక్కులు ఆయనకు ‘కాగితం’ అని పేరు పెట్టేశారు.

ఆ ఇంటికి వచ్చి పడింది మేనకోడలు అమ్మడు. తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబు మూతపడింది. నెలాఖరులోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇంటికి వెళ్లి అన్నయ్య దుకాణంలో కూర్చోవాలి. అదృష్టం కొద్దీ ఓ పెద్ద సెంటరు మేనేజరు “మీరు సెలెక్టయినట్టే, వారంలో ఆర్డరు వస్తుంది” అన్నాడు. ఆమె ఆ రోజే అప్లికేషన్లు పెట్టడం మానేసి, కొత్త తెల్లకోటు కుట్టించుకుంది.

మూడు వారాలు గడిచాయి.

“కాగితం వచ్చిందా?” రోజూ పొద్దున్నే మావయ్య అడిగేవాడు.

“వస్తుంది మావయ్యా. మేనేజరే స్వయంగా చెప్పాడు.”

“స్వయంగా చెప్పినవాడు స్వయంగా రాయలేకపోయాడా? ఈలోగా ఇంకో రెండు చోట్ల కనుక్కో.”

“వాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారు?”

“నిన్ను తీసుకుని ఉంటే కదే, ఏమైనా అనుకోడానికి!”

నెలాఖరు నాలుగు రోజుల్లోకి వచ్చాక మావయ్య రాగం మార్చాడు. “సరే, నువ్వేమీ కనుక్కోవద్దు. రేపు ఆస్పత్రిలో నాకు ఇంటర్వ్యూ ఉంది. తోడు రా. ఒక్కణ్ణే వెళ్లాలంటే భయం. ఆ తెల్లకోటు కూడా తెచ్చుకో, అక్కడ ఏసీ. చలేస్తుంది.”

పందొమ్మిదేళ్లుగా ఇంటర్వ్యూలకు తిరుగుతున్న మనిషికి భయమేమిటో! అమ్మడు నవ్వుకుంటూ వెంట వెళ్లింది.

ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. “కాగితంగారూ, మా తమ్ముడు డ్రైవరుగా చేరిపోయాడండీ!”

“ఆర్డరు చేతికొచ్చిందా?”

“వచ్చిందండీ.”

“అయితే చేరినట్టే.”

వరండాలో ఏడెనిమిది మంది ఎదురుచూస్తున్నారు. మావయ్య డబ్బా తెరిచి, పెదవులు తడారిపోయి కూర్చున్న ఓ నర్సు ముందు పెట్టాడు. “తినమ్మా. ఖాళీ కడుపుతో ఉంటే తెలిసిన జవాబు కూడా గుర్తురాదు.” ఫైలు అమ్మడి ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లాడు. తలుపు సగమే మూసుకుంది.

“ప్రస్తుతం ఎక్కడ చేస్తున్నారు?”

“తూకం యంత్రాల కంపెనీలోనండీ. వాళ్లింకా ఖాయం చెయ్యలేదు.”

“ఎన్నాళ్లయింది?”

“పందొమ్మిదేళ్లండీ.”

లోపల ఎవరికో పొలమారింది. అమ్మడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“మేం ఇవాళే తీసుకుంటామంటే?”

“వాళ్ల కబురు తేలందే రాలేనండీ. మీ పసిపిల్లల్ని తూచే యంత్రం మాత్రం యాభై గ్రాములు తేడా చూపిస్తోంది, వస్తూ చూశాను. సరిచేసి వెళ్తాను. అన్నట్టు, ల్యాబులో ఖాళీ ఉందని కిందటి నెల మీ వాచ్‌మన్ అన్నాడు. ఉందా, నిండిందా?”

“ఉంది.”

మావయ్య తల బయటికి వచ్చింది. “అమ్మడూ, ఫైల్లో అడుగున నీ బయోడేటా ఉంది, పట్రా. కోటు వేసుకో, చలి.”

అమ్మడు ఫైలు తెరిచింది. అందులో మావయ్య కాగితం ఒక్కటీ లేదు. డ్రైవర్లు, నర్సులు, టైపిస్టులు, వంటవాళ్లు, అందరివీ బయోడేటాలే. ఒక్కోదాని మూలన పెన్సిలుతో “ఆర్డరు వచ్చింది” అని ఉంది. తన దాని మీద మాత్రం “రావాలి”. దాని కింద గోధుమరంగు కవరు, కంపెనీ ముద్రతో. మావయ్య పేరు మీద ఉద్యోగపు ఆర్డరు. తేదీ చూస్తే, ఆయన చేరిన మూడో వారానిది.

ఆశ్చర్యపోయే తీరిక కూడా ఇవ్వలేదు వాళ్లు. ల్యాబు పెద్దావిడ ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. అమ్మడు స్లైడు చూసి, అడిగినవన్నీ చకచకా చెప్పేసింది. గంటలో టైపు చేసిన ఆర్డరు చేతికి వచ్చింది.

బస్సెక్కుతుండగా పెద్ద సెంటరు మేనేజరు ఫోన్ చేశాడు. “ఆ పోస్టు ఇప్పట్లో లేదమ్మా. ఏమీ అనుకోకండి.”

“నన్ను తీసుకుని ఉంటే కదండీ, ఏమైనా అనుకోడానికి” అంది అమ్మడు.

తర్వాత మావయ్య వైపు తిరిగింది. “ఆ గోధుమరంగు కవరు సంగతేమిటి?”

మావయ్య కిటికీ వైపు తిరిగాడు. “అందులో ముద్ర సరిగా పడలేదు” అన్నాడు.

“మావయ్యా!”

“అది వచ్చేసరికి, ఒప్పుకున్న ఇంటర్వ్యూ ఒకటి మిగిలిపోయిందే. మాటిచ్చాను కదా అని వెళ్లాను. బయట ఓ వడ్రంగి దిగాలుగా కూర్చున్నాడు. లోపల అడిగితే వాళ్లకి వడ్రంగి కూడా కావాలట. ఖాళీలు లోపలివాళ్లకి తెలుసు, అవసరం బయటివాళ్లకి తెలుసు. మధ్యలో తలుపు. అది తియ్యాలంటే నాకు ఉద్యోగం లేకుండా ఉండాలి కదా? మీ అత్తయ్యకి చెప్పకు. తెలిస్తే సెలవుపూట గుమ్మం దాటనివ్వదు.”

ఇంటికెళ్లాక అత్తయ్య అమ్మడి ఆర్డరు రెండుసార్లు చదివింది. వంటింట్లో ఖాళీ డబ్బా కడుగుతూ మెల్లిగా అడిగింది: “ఫైలు తెరిచావా? కవరు చూశావా?”

“నీకు తెలుసా!” అంది అమ్మడు.

“రిజిస్టరు పోస్టులో వస్తే సంతకం పెట్టి తీసుకున్నదెవరనుకున్నావు? అంటించిన కవరే చేతికిచ్చానుగా, నాకేమీ తెలియదనుకుంటున్నాడు పిచ్చిమారాజు. వెలుతురుకి పట్టుకుంటే అక్షరాలు కనబడవూ!”

“మరి రోజూ ఆ తిట్లేమిటి అత్తయ్యా?”

“తిట్టకపోతే అనుమానం రాదుటే?” అని, అత్తయ్య గొంతు పెంచింది. “ఏమండీ! ఈ జన్మకి వస్తుందా మీ ఆర్డరు?”

“రావాలోయ్!” ముందుగదిలోంచి జవాబు వచ్చింది. “బుధవారం ఇంకోచోట రమ్మన్నారు!”

“ఖర్మ!” అంది అత్తయ్య, అటక మీంచి ఇంకాస్త పెద్ద డబ్బా దింపుతూ.