మైనం పొర కింద పెళ్లి ఫోటో

రెండు నెలల కిందట ఒక మంగళవారం పొద్దున నా భార్య ఇంట్లోనే కన్నుమూసింది. దూరాన ఉన్న చాలామందికి కబురు చేయలేకపోయాను, క్షమించాలి. ఆయాసం వల్ల ఏడాదిగా ఆమె పడుకోలేకపోయింది. కూర్చునే నిద్రపోయేది. ఆ పొద్దున ఆ ఆయాసం ఆగిపోయినప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. అది దాచుకోవాలని లేదు.

ఆమె పద్మారావు నగర్‌లో ఒక ఆడపిల్లల స్కూల్లో డ్రాయింగ్ టీచరు. పిల్లల బొమ్మలు దిద్దేది కాదు. పక్కన తనూ ఒకటి గీసి ఊరుకునేది. ఇంట్లో మాత్రం ఆమె పని మైనంతో. ఫోటోలు, రైలు టికెట్లు, ఎండుటాకులు చెక్క పలక మీద అతికించి, కరిగించిన మైనాన్ని బ్రష్‌తో పొరలు పొరలుగా పూసేది. ఏదో పత్రికలో చదివిందట. అందులో వివరాలు లేవు. మిగతాదంతా మా వంటింట్లో కనిపెట్టుకుంది.

మొదట క్రిస్మస్ ఆరాధనలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు చర్చిలో అడిగి తెచ్చి కరిగించింది. చలికాలం దాటకముందే పలక మీద మైనం నెర్రెలు విచ్చింది. తర్వాత తేనెపట్టు మైనం సంపాదించి, గట్టిపడటానికి ధూపం వేసే గుగ్గిలం నూరి కలిపింది. అది నిలిచింది. పొరలు ఒకదానికొకటి పట్టుకోవడానికి మా ఇస్త్రీ పెట్టెను పైపైన ఆడించేది. అదే పెట్టెతో నా చొక్కా ఇస్త్రీ చేసి నన్ను లాలాగూడ ఆఫీసుకు పంపింది ఒకసారి. వీపు మీద ఇంత మరక.

"ఏమయ్యా, తేనె వ్యాపారం పెట్టావా?" అన్నారు సెక్షన్‌లో, సాయంత్రం దాకా.

"ఒక్కో పొరకీ వేడి చూపించాలండీ," అనేది ఆమె. "తక్కువైతే రేపు ఊడొస్తుంది. ఎక్కువైతే బొమ్మే జారిపోతుంది."

జబ్బు పడే ముందు చేసిన ఆఖరి పలక మీద మా పెళ్లి ఫోటో అతికించింది. ఉన్నది ఆ ఒక్క ప్రతే. తీసిన స్టూడియో ఎప్పుడో మూతపడింది.

"ఉన్న ఒక్కదాన్నీ మైనంలో ముంచుతావా?" అన్నాను.

"ముంచను, పూత పూస్తాను. ట్రంకులో పెట్టి చెదలకు వేసే కంటే నయం కదా."

"పాడైతే?"

"మొహాలు మనవేగా. అద్దంలో చూసుకుందాం."

నేను రెండు రోజులు అలిగి కూర్చున్నాను. ఆమె పూత పూసింది. తర్వాత మందులు, ఆసుపత్రులు. పలక బీరువా వెనక ఉండిపోయింది.

ఆమె పోయాక ఇంట్లో జరిగిన ఆదరణ కూడిక ప్రార్థన నాడు ఆ ఫోటో ముందు గదిలో పెడదామని తీశాను. పలకంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. ఇద్దరమూ కనిపించలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో వాదనలో నేను గెలవడం అరుదు. ఈ గెలుపు మాత్రం నాకు అక్కర్లేదు.

పలక గోడ వైపు తిప్పి పెట్టాను. కూడిక అయ్యాక ఆమె స్కూలు ఆయా కప్పులు తీస్తూ దాన్ని తిప్పి చూసింది.

"పాడైపోయిందమ్మా," అన్నాను.

"ఏంది సారూ, గింత దానికే పరేషాన్ అయితున్నరా? మైనం గిట్లనే తెల్లగైతది. మేడం స్కూల్ల సుత తుడుస్తుండె. జెర పాత బనీను ఉంటే తెండ్రి."

తెచ్చిచ్చాను. ఒత్తకుండా చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తుడిచింది. ముందు నా టై కనిపించింది. తర్వాత నా భార్య చేతిలో పూలగుత్తి. తర్వాత ఇద్దరి మొహాలు, ఆమె చెప్పినట్టే, ఏమీ కాకుండా.

"అబ్బో, ఎంత బక్కగ ఉన్నరు సారూ!" అంది ఆయా.

ఓడిపోయాను. ఏడాదిగా లేనిది, ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది: "మళ్ల వస్తదది. అప్పుడప్పుడు తుడుసుకోవాలె."

నిజమే, మళ్లీ వస్తోంది. ఇప్పుడు పలక కిటికీ పక్కన ఉంది. అంచుల నుంచి తెలుపు సన్నగా లోపలికి పాకుతోంది. ఆమె భుజం దాకా వచ్చింది. ఆదివారం తుడుస్తాను.