బాబాయ్‌తో ట్యాంకుల ఆట

మా చిన్నప్పుడు... ఏలూరులో మా డబ్బా టీవీ వెనకాల పసుపు వైరు గుచ్చడం బాబాయ్ పని. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలయ్యాక, ఇద్దరం చాపేసుకుని టీవీ గేములో ట్యాంకుల ఆటకి కూర్చునేవాళ్ళం.

బాబాయ్ కొల్లేటి లంకలో ఎవరిదో చేపల చెరువు మీద కూలికి ఉండేవాడు. దోనె మీద నిలబడి మేత వేసే చేతులు... జాయ్‌స్టిక్ పట్టుకుంటే మెరుపే. "నువ్వు మన కోట కాయరా అబ్బాయ్, ముందుకి నేనెళ్తా" అనేవాడు.

పదో తరగతిలో నాకు కరపత్రాల పిచ్చి పట్టింది. చేపల చెరువుల కోసం కొల్లేటిని ఆక్రమించడం మీద ఒకటి దొరికితే బట్టీ పట్టేశాను. ఓ ఆదివారం ఆట మధ్యలో లేచి నిలబడి, "కొల్లేటిని మింగేసింది నీలాంటి వాళ్ళే బాబాయ్!" అని అరిచాను.

సెంటు చెరువు లేని మనిషిని!

బాబాయ్ జాయ్‌స్టిక్‌కి వైరు చుట్టి, చాప మీద పెట్టి, "సరేలేరా" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ ఆదివారమూ రాలేదు. కొల్లేటి గురించి నా కోపం ఇప్పటికీ తప్పు కాదు... చూపించిన చోటే తప్పు.

ఈమధ్య అటక మీద ఆ గేమ్ దొరికింది. కొత్త టీవీకి పసుపు వైరు పెట్టే చోటే లేదు. కొట్టుకెళ్తే పాత వైరుని కొత్త టీవీకి కలిపే ఓ చిన్న పెట్టె చేతిలో పెట్టి, "బొమ్మ వస్తుందండీ, ఇంకేం కావాలండీ మీకు?" అన్నాడు కొట్టతను. అన్నిటికన్నా చవకది. కొనేసి బాబాయ్‌ని పిలిచాను. ఇన్నేళ్ళకి వచ్చాడు... కొర్రమేను కూడా తెచ్చాడు.

బొమ్మ వచ్చింది. అడ్డంగా సాగిపోయి, అలికేసినట్టు... పైగా బాబాయ్ మీట నొక్కాక ఓ రెప్పపాటు ఆగి గానీ గుండు పేలదు. మూడుసార్లు ఆడితే మూడుసార్లూ కోట కూలింది. చేతులు తిప్పి చూసుకున్నాడు. "అయిపోయిందిరా అబ్బాయ్... మొద్దుబారిపోయాయి."

"వయసు కదా బాబాయ్" అన్నాను నేను!

ఆయన వెళ్ళాక ఒక్కణ్ణే ఆడి చూస్తే నాకూ అంతే. అప్పుడు కూర్చుని చదివాను... కొనేముందు ఈ బుద్ధి ఏమైందో! ఆ చవక పెట్టెలు పాత గేము బొమ్మని మామూలు వీడియో అనుకుని సాగదీస్తాయి, ఆ పనిలో ఆలస్యం. పాత బొమ్మని కొత్త టీవీకి తగ్గట్టు పెంచే అప్‌స్కేలర్లు, గేముల కోసమే చేసినవి వేరే ఉన్నాయి. వాటిలోనూ నాబోటి వాడికి అందేవున్నాయి. బొమ్మని అడ్డంగా సాగదీయకుండా పాత ఆకారంలోనే ఉంచుతాయి, నొక్కగానే పలుకుతాయి. టీవీలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ కూడా పెట్టుకోవాలి. అట్టపెట్టె మీద 'ఫుల్ హెచ్‌డీ' అని ఇంతింత అక్షరాలు వేస్తారు, ఆలస్యం సంగతి ఒక్క ముక్క రాయరు. దగా కాకపోతే ఏమిటిది?

మంచిది తెప్పించి ఫోన్ చేశాను. "బాబాయ్, తప్పు నీ చేతులది కాదు, పెట్టెది."

నవ్వాడు. "అప్పుడేమో తప్పంతా నాదన్నావు... ఇప్పుడు పెట్టెదంటున్నావు. ఎందుకులేరా, నువ్వాడుకో."

ఇప్పుడు బొమ్మ అద్దంలా వస్తోంది... నొక్కగానే పేలుతోంది. రెండో జాయ్‌స్టిక్ మాత్రం వైరు చుట్టినట్టే ఉంది. నాకు కోట కాయడం ఒక్కటే వచ్చు... ముందుకెళ్ళే మనిషి లేడు.

మీ ఇంట్లో రెండో జాయ్‌స్టిక్ ఎవరిదండీ? పేరు రాయండి... వీలైతే రాసేముందే ఫోన్ చేయండి.