సున్నకు రెండు కలిపిన ఇన్‌స్పెక్టరు

ఖానాపూర్ వైపు ఒక ఆడపిల్లల బడిలో నేను లెక్కల టీచరుగా చేరిన రెండో ఏడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడెనిమిదేళ్ళవుతుంది. వేసవి సెలవుల్లో కరీంనగర్‌లో లెక్కల టీచర్లకు మూడు వారాల శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికి వచ్చిన కుర్ర లెక్చరరు మొదటి రోజే బోర్డు మీద 2+2=4 అని రాసి, "దీన్ని ఎవరైనా రుజువు చెయ్యండి" అన్నాడు. ముందు వరుసలో ఒక పెద్దాయన నాలుగు వేళ్ళు ఎత్తాడు.

"అది చూపించడం. రుజువు కాదు" అన్నాడు లెక్చరరు.

పెద్దాయన వేళ్ళు దించేసి, ఆ మూడు వారాలూ అలిగే కూర్చున్నాడు.

నాకు మాత్రం ఆ పాఠం పిచ్చిలా పట్టుకుంది. సున్న ఒక సంఖ్య. ప్రతి సంఖ్యకూ తరువాతిది ఒకటుంటుంది. సున్న దేనికీ తరువాతిది కాదు. వేర్వేరు సంఖ్యల తరువాతివి కూడా వేర్వేరే. వీటిని అడక్కుండా ఒప్పుకోవాలి, మిగతాదంతా వీటి నుంచే రాబట్టాలి. కూడికకు ఇంకో రెండు సూత్రాలు. దేనికైనా సున్న కలిపితే అదే వస్తుంది. ఒక సంఖ్య తరువాతిదాన్ని కలపాలంటే, ముందు ఆ సంఖ్యనే కలిపి, వచ్చినదాని తరువాతిదానికి పోవాలి. సంఖ్యల గురించి ఐదో నియమం కూడా ఒకటుందని ఆఖరి రోజు చెప్పాడు. ఆ రోజు నా ధ్యాసంతా ఇంటికి పోయే బస్సు మీద ఉంది.

ఇంటికెళ్ళేసరికి మా బాపు మగ్గం మీద ఉన్నాడు.

"మూడు వారాలు కూసోబెట్టి సర్కారు ఏం నేర్పింది బిడ్డా?"

"రెండు, రెండు కలిపితే నాలుగని నేర్పిన్రు బాపూ."

మగ్గం ఆగింది. "మొన్నటిదాంక ఎంతనుకున్నవ్ మరి?"

బడి తెరవగానే ఆరో తరగతి బోర్డు మీద నాలుగు నియమాలు, రెండు సూత్రాలు రాసేశాను. పిల్లలకు ఇది భలే ఆట అయిపోయింది. రుజువు కానిదేదీ ఒప్పుకోకూడదన్న మాట వాళ్ళకు మరీ నచ్చింది. ముఖ్యంగా ఒక పిల్లకు. రెండు జడలు, అంతులేని ప్రశ్నలు. గంట కొట్టినా, బడి అయిపోయిందనడానికి రుజువేమిటని అడిగేది.

అలాంటి రోజుల్లో, చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్టర్ సాబ్ దిగాడు. షేర్వానీ, నల్ల టోపీ, చేతిలో బెత్తం. ఉర్దూ మీడియంలో లెక్కలు చదివినాయన. నేరుగా నా క్లాసుకే వచ్చాడు.

"రెండు, రెండు కలిపితే ఎంత?"

అందరూ బోర్డు వైపు చూశారు. రెండు జడల పిల్ల లేచింది.

"ఇంక రుజువు గాలే సార్. రేపు జేస్తమన్నరు టీచర్."

ఆయన నా వైపు తిరిగాడు. "ఆరో తరగతికొచ్చి గింత కూడ రాదా?"

"తెలుసు సార్. ఎందుకో చెప్పాలె గదాని..." అని నసిగాను.

ఆ పిల్ల ఈలోపే బోర్డు దగ్గరుంది. "రెండంటే ఒకటి తర్వాతది సార్. గందుకని రెండుకు రెండు కలుపుడంటే, ముందుగాల ఒకటి కలిపి, దాని తర్వాతదానికి పోవుడు. ఒకటేమో సున్న తర్వాతది. రెండుకు సున్న కలిపితే రెండే. దాని తర్వాతది మూడు. మూడు తర్వాతది నాలుగు. అయిపోయింది సార్, రుజువైంది!"

రేపటి పాఠం ఈ రోజే అయిపోయింది. ఇన్‌స్పెక్టర్ సాబ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"వాహ్! మరి రెండు రెండ్లెంత?"

"గుణకారం ఇంక పుట్టలే సార్."

ఆయన నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ పిల్ల వదల్లేదు.

"దేనికైనా సున్న కలిపితే అదే వస్తదని రాసున్నది. సున్నకే ఇంకోటి కలిపితే?"

"అదే వస్తది బేటా. ఏంది ఫరక్?"

"గట్ల రాసి లేదు గద సార్."

ఆయన బోర్డు చూశాడు. నిజంగానే లేదు. సుద్దముక్క అందుకున్నాడు. సున్నకు ఒకటి కలిపాడు, ఒకటి వచ్చింది. రెండు కలిపాడు, రెండు వచ్చింది. మూడు కూడా అయ్యాక, షేర్వానీ మీది సుద్దపొడి దులుపుకుని, "గిట్లనే అన్నీ" అన్నాడు.

"అన్నీ అంటే? మీరు జేసింది మూడే గద సార్!"

క్లాసంతా ఫక్కున నవ్వింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన నాలుగు కలుపుతున్నాడు. పదకొండు దాకా కలిపాడు. రిజిస్టర్లు చూడలేదు, భోజనానికి పోలేదు, బస్సు కూడా పోయింది. చివరికి తనిఖీ పుస్తకంలో ఒక్క వాక్యం రాశాడు: "ఈ తరగతి విద్యార్థినులు దేనినీ ఊరకే అంగీకరించరు." అది మెప్పో ఫిర్యాదో మా హెడ్‌మిస్ట్రెస్‌కు ఎంత చదివినా అర్థం కాలేదు.

నెల తర్వాత నా పేరున కవరొచ్చింది. ఉద్యోగం ఊడిందనుకుంటూ విప్పాను. లోపల రెండు కాగితాల నిండా ఆయన చేతిరాత. కరీంనగర్ వెళ్ళి ఆ కుర్ర లెక్చరర్ని పట్టుకుని అడిగాడట. "అమ్మా, మీ బోర్డు మీద నాలుగు నియమాలే ఉన్నాయి. ఐదోది ఎక్కడ పోయింది?" అని మొదలుపెట్టాడు. ఒక మాట సున్నకు నిజమై, ఏ సంఖ్యకు నిజమైనా దాని తరువాతిదానికీ నిజమయ్యేటట్టుంటే, అది అన్ని సంఖ్యలకూ నిజమే. అదీ ఐదోది. దానితో, సున్నకు ఏది కలిపినా అదే వస్తుందన్న రుజువంతా అరపేజీలో అయిపోయింది. కింద, "పిల్లలకు చూపించండి, తప్పుంటే తెలపండి" అని ఉంది.

సిగ్గు విడిచి, ఐదో నియమం నేనే మరిచానని క్లాసులో ఒప్పుకున్నాను. రెండు జడల పిల్ల ఉత్తరం తీసుకుని వేలు పెట్టి వరుస వరుసా చదివింది. చివరిదాకా పోయి మళ్ళీ మొదటికొచ్చింది. క్లాసంతా చుట్టూ మూగింది.

"సరిగ్గనే ఉన్నది టీచర్" అంది చివరికి, చాలా దిగులుగా.