మామ గుంటలో న్యూక్లియర్

నా నోటి దురదకి ఒక లారీ రొయ్యలు ఎట్టా కంపు కొట్టబోయినాయో చెప్తాను, నవ్వుకోండి. మా మామ ముందు మాత్రం నవ్వొద్దు, ఆయనకింకా కోపం చల్లారలేదు.

అప్పుడు నేను మద్రాసులో జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నా. చదివిందేదీ కడుపులో నిలిచేది కాదు, దొరికినోడికల్లా వడ్డించాల్సిందే. సెలవులకి ముత్తుకూరు దగ్గర సుబ్బరామయ్య మామ ఇంటికి పోయినా. ఆ పొద్దున ఆయన గుంటలో వలలేసి రొయ్యల పట్టుబడి. లారీలో ఐసు కరిగిపోతా ఉంది. మామ కాలుగాలిన పిల్లిలా గట్టు మీద తిరుగుతున్నాడు. కొనడానికొచ్చిన రమణయ్య ఒక రొయ్యను నొక్కి చూసి మూతి విరిచినాడు.

"ఏంది సుబ్బరామయ్యా, మెత్తగుండాదే?"

"కుబుసం విడిచినట్టుంది. ఎక్కడో ఒకటీ అరా అట్టాటివి ఉంటాయిలే," అన్నాడు మామ.

అంతటితో అయిపోయేది. నేను దూరినా.

"అన్నా, కుబుసం ఊరికే విడుస్తాదా? రొయ్య ఒంట్లోని హార్మోను ఒక్కో కణం లోపలికి పోతాది. అక్కడ న్యూక్లియస్‌లో న్యూక్లియర్ రిసెప్టరు కాచుకోనుంటాది. రెండూ కలిసి డీఎన్‌ఏ మీద తమ చోటు వెతుక్కోని కూర్చుంటాయి. అప్పుడు కుబుసం విడిచే జీన్లు మేలుకుంటాయి!"

రమణయ్యకు ఒక్క మాటే వినపడింది. "న్యూక్లియరా?" అని రొయ్యను గుంటలో పారేసి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

వల లాగేవాళ్లు ఆగిపోయినారు. "ఇదెప్పుడొచ్చింది మన ఊరికి?"

"ఆ న్యూక్లియర్ కాదు! ఇది పుట్టుకతోనే ఉంటాది. భయపడబాకండి, మీ అందరిలోనూ ఉంది!"

ధైర్యం చెప్పినాననుకున్నా. వల పట్టుకోనున్న పెంచలమ్మ పిన్ని పొట్ట పట్టుకోని గట్టు మీద కూలబడింది. మామ నా చొక్కా పట్టి వెనక్కి లాగినాడు.

అత్త గట్టిది. ఆ రొయ్యల్నే వేపుడు చేసి, అందరి ముందర తను తిని, తర్వాత రమణయ్యకు వడ్డించింది. నాలుగు ముద్దలు పోయేసరికి ఆయన మొహం తేటబడింది.

"బాగుందమ్మా. తూకం వేయించండి," అన్నాడు.

మామకు ఊపిరొచ్చింది. నేను నోరు మూసుకోనే ఉన్నా, ఒట్టు! రమణయ్యే కదిలించినాడు.

"హడావిడిలో థైరాయిడు మాత్ర మర్చిపోయినా. చదువుకున్నోడివి కదబ్బయా, అది ఒంట్లో ఏం చేస్తాది?"

అంత మర్యాదగా అడిగితే చెప్పకుండా ఎట్టా ఉండేది, మీరే చెప్పండి?

"అదీ న్యూక్లియర్ రిసెప్టరునే పట్టుకుంటాదన్నా."

ముద్ద కంచంలో పడింది. రమణయ్య ఎంగిలి చేత్తోనే తన ఖాళీ లారీ ఎక్కి వెళ్లిపోయినాడు.

సాయంత్రంలోపల కావలి నుంచి ఇంకొకాయన లారీ తెచ్చి రొయ్యలన్నీ కొనుక్కుపోయినాడంట. నేను చూడలేదు. అప్పటికే మామ నన్ను నెల్లూరు బస్సెక్కించి, "ఈణ్ణి ఎవురితోనూ మాట్లాడనీబాకయ్యా," అని కండక్టరుకు అప్పజెప్పినాడు.

కిటికీ కమ్మీ పట్టుకోని ప్రమాణం చేసినా: రొయ్యలు తూకమై, లారీ ఊరు దాటి, తిన్నోళ్లందరికీ అరిగిందాకా నా నోట సైన్సు ముక్క రాదు.

పక్క సీటాయన పలకరించినాడు. "ఏం చదువుతుండావబ్బయా?"

"తెలుగు వ్యాకరణం," అన్నా.